కొవ్వూరు–రాజమండ్రి లాంచీ మళ్ళీ వేస్తే ఎక్కేవాళ్ళున్నారా?

గోష్పాదం రేవు:
గోదారి మీద రోడ్డు కం రైలు బ్రిడ్జి రిపేరని మూసినప్పుడల్లా మా కొవ్వూరోళ్ళకి తిప్పలే. బండి మీద వెళ్ళాలంటే పైన గామన్ బ్రిడ్జి, లేదంటే కింద ధవళేశ్వరం బ్యారేజీ. ఎదురుగా కనబడే ఊరికి ఇంత చుట్టా? 1974లో ఆ బ్రిడ్జి వచ్చేదాకా పెద్దాళ్ళు రైలెక్కేవారు, లేదంటే లాంచీ. గోష్పాదం నుంచి పుష్కర ఘాట్‌కి పొద్దున్నా సాయంత్రం ఒక లాంచీ, ధవళేశ్వరం నుంచి టౌన్లోకి ఇంకోటి వేస్తే నడుస్తాయంటారా? రేవు దాటే అలవాటున్నవాళ్ళు చెప్పండి.

సఖినేటిపల్లి కుర్రోడు:
మేం నరసాపురం వెళ్ళాలంటే ఇప్పటికీ పంటేనండి, అంటే మనుషులతో పాటు బండ్లూ ఎక్కే పెద్ద పడవ. అది నిండుతోందంటే కారణం బండి ఎక్కుతుందని. బైకు నెట్టుకుంటూ ఎక్కిస్తాం, అవతల గట్టెక్కగానే స్టార్ట్ చేసుకుని పోతాం. పంటు ఆగిందా, చించినాడ బ్రిడ్జి చుట్టూ తిరగాల్సిందే. మీ లాంచీ మనుషుల్నే ఎక్కించుకుంటే పుష్కర ఘాట్‌లో దిగాక ఆటోకి మళ్ళీ డబ్బులు. ఆ మాత్రానికి బండేసుకుని గామన్ బ్రిడ్జి ఎక్కేస్తారు. ఒక్కటి మాత్రం మీకు కలిసొచ్చింది. మాకు సముద్రం దగ్గర, నీళ్ళు లాగేస్తే పంటు ఒడ్డుకి ఆనడానికి అవస్థ పడుతుంది. బ్యారేజీ పైన మీకా బెడద లేదు.

లాకుల కాడ:
ఎండాకాలం వరకే ఆ మాట. ఇరిగేషన్లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులు. అంతదాకా ఎవరు ఆగుతారు, ఎర్రనీరు జోరందుకోగానే లాంచీలు కట్టేయాల్సిందే. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడు తిరుగుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియని సర్వీసుని నమ్ముకుని ఆఫీసుకెళ్ళేది ఎవరు?

అసలు భయం ఇంకోటుంది. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. ఇక్కడ 175 గేట్లు. వాటికి ఎగువన కట్టిన లాంచీ తాడు తెంచుకుంటే జవాబుదారీ ఎవరు? ఇక 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది మీకందరికీ గుర్తే. ఇవన్నీ తెలిసి లాంచీ ఫైలు మీద సంతకం పెట్టే ఆఫీసరు ఎవరండీ?

అమలాపురం టు కొచ్చి:
ఇక్కడ కొచ్చిలో వాటర్ మెట్రో 2023 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. బ్యాటరీ బోట్లు, పెద్దవాటిలో వంద మంది పడతారు. తేలే జెట్టీలు కాబట్టి నీళ్ళు పెరిగినా తగ్గినా బోటు, జెట్టీ ఒకే ఎత్తులో ఉంటాయి. వైటిలలో దిగితే పక్కనే మెట్రో, బస్టాండు. అయితే ఇరిగేషన్ మేష్టారు వరద గురించి చెప్పింది నిజం, ఇవి బ్యాక్ వాటర్స్. గోదారి వరదకి ఆ జెట్టీ తెచ్చి పెడితే నిలుస్తుందని నేననుకోను.

బస్సు పాసు:
ధవళేశ్వరం లాంచీ అంటే నవ్వొచ్చింది 😄 2025 ఆగస్టు 15 నుంచి మా ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సు ఫ్రీ. టిక్కెట్టు కొనుక్కుని లాంచీ ఎక్కు అంటే మా అత్తగారు నన్ను ఎగాదిగా చూస్తారు. కొవ్వూరు వాళ్ళకైతే రైలుంది కదా, గోదావరి స్టేషన్లో దిగితే ఊళ్ళోనే దిగినట్టు. రైళ్ళ టైములు కుదరవంటే వాటి కోసం అడగండి.

గోష్పాదం రేవు:
టైములే కుదరవండీ, ఆ బాధే కదా. పోనీ, బండ్లెక్కే పంటు వేయమంటే?

సఖినేటిపల్లి కుర్రోడు:
పంటు నిదానం. మాది రేవు నుంచి రేవుకి చిన్న దాటు. మీ దగ్గర గోదారి సుమారు మూడు కిలోమీటర్ల వెడల్పు, మధ్యలో ఇసుక మేటలు.

లంక కుర్రాడు:
ఇంతసేపూ చూస్తున్నా, మా ఊసు ఎవరూ ఎత్తలేదు. వంతెనల మధ్య, నది నడుమ లంకల్లో ఉండేవాళ్ళం. టౌన్లో పనికైనా, పిల్లల చదువుకైనా, కూరగాయలు అమ్ముకోవడానికైనా నాటుపడవే. మాకు బ్రిడ్జీ లేదు, ఫ్రీ బస్సూ లేదు. పెద్ద వరదొస్తే మమ్మల్ని ఎలాగూ గట్టుకి తరలిస్తారు, కాబట్టి ఆ రోజుల్లో సర్వీసు ఆగినా మాకు కొత్త నష్టం లేదు. మిగతా రోజుల్లో లైఫ్ జాకెట్లున్న ఇంజను పడవ, దానికొక టైము, అంతే అడుగుతున్నాం. ఏసీ అక్కర్లేదు.

లాకుల కాడ:
ఇది అడగదగ్గ మాట. చిన్న పడవ, వరదకి ముందే ఒడ్డు మీదకి లాగేయొచ్చు, బ్యారేజీకి భయమూ ఉండదు. 2027 పుష్కరాల ఘాట్ల పనుల్లోనే ఆ పడవ ఆగే చోటు కూడా కలిపించండి. తర్వాత విడిగా అడిగితే బడ్జెట్ లేదంటారు.

గోష్పాదం రేవు:
సరే, అర్జీ లంకల పడవ పేరు మీదే రాద్దాం. కొవ్వూరికి రైలు టైములు వేరే కాగితంలో. లంక తమ్ముడూ, పొద్దున్నే ఎన్నింటికి పడవ కావాలో, ఏ రేవులో ఆగాలో మీ వాళ్ళని అడిగి ఇక్కడే పెట్టు.