పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ లాయర్) ఉండగా బాధితురాలికి మళ్లీ ఉచిత లాయర్ ఎందుకు?

పటమట_టీచర్:
మా కాలనీ గ్రూపులో నిన్న ఒకాయన ఇలా పెట్టారు: "రేప్ కేసులో ప్రభుత్వమే పీపీని పెట్టి వాదిస్తుంది. ఆ అమ్మాయికి మళ్లీ లీగల్ ఎయిడ్ లాయరంటే మన డబ్బు దండగ." చాలామంది అవునవునన్నారు. నాకు మాత్రం మింగుడుపడలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. రేషన్ కార్డు చూపించమని అడగడానికి లేదు. బాధితురాలికి స్టేషన్‌లోనే లాయర్ సాయం అందాలని, ముందుకొచ్చే లాయర్ల జాబితా స్టేషన్‌లో ఉంచాలని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఆ జాబితా మీలో ఎవరైనా చూశారా? నేననేది ఒక్కటే. అడిగితే ఇస్తాం అనడం కాదు, ఎఫ్ఐఆర్ కట్టిన రోజే అడక్కుండా లాయర్‌ని పంపాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాత_బెంచ్‌క్లర్క్ (గుంటూరు):
అమ్మా, సర్వీసంతా కోర్టు హాల్లో గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. సెషన్స్ కేసు నడిపేది పీపీయే. బాధితురాలి లాయర్ ఆయనకి సాయపడొచ్చు, సాక్ష్యాలు ముగిశాక కోర్టు ఒప్పుకుంటే వాదన రాసి ఇవ్వొచ్చు. అంతేగానీ లేచి సాక్షుల్ని ప్రశ్నించడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇంక ఆయన చేసేదేముంది? పైగా క్రాస్‌లో (ఎదుటి లాయర్ సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ముద్దాయి లాయర్ ఏం పట్టుకుంటాడో తెలుసా? "మీకు సొంత లాయర్ ఉన్నారు కదా, ఆయన ఆఫీసుకి వెళ్లారు కదా, ఆయన నేర్పిందే చెబుతున్నారు కదా" అంటాడు. ఆ పిల్ల బిక్కచచ్చిపోతుంది. వాయిదా రోజు పొద్దున ఫైలు తిరగేసి హాల్లోకి పరిగెత్తే పీపీలను చాలామందినే చూశాను. అది వాళ్ల తప్పు కాదు, నెత్తిన అన్ని కేసులుంటాయి. ఆ డబ్బేదో పెట్టి పీపీలను పెంచమనండి.

అరండల్‌పేట_అడ్వొకేట్:
గురువుగారూ, మీరు చెప్పేది హాల్లో జరిగే తంతు. ఈ కేసులు చెడేది అక్కడికి రాకముందే. ఫిర్యాదులో ఒక తేదీ, మేజిస్ట్రేట్ ముందిచ్చిన వాంగ్మూలంలో (పాత 164వ సెక్షన్, ఇప్పుడు 183) ఇంకో తేదీ పడిందనుకోండి. ఆ తర్వాత ఎప్పటికో వచ్చే క్రాస్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ ఫిర్యాదు రాసినప్పుడు పక్కన ఎవరున్నారు? పీపీ ఉండడు. ఘటన మా పరిధిలో జరగలేదని తిప్పి పంపితే, జీరో ఎఫ్ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే ఎఫ్ఐఆర్) కట్టి తీరాలని చెప్పేదెవరు? ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. అది కూడా తెలియక దానికోసం తిరిగే కుటుంబాలున్నాయి.

బెయిల్ సంగతీ అంతే. బాధితుల మాట ప్రతి దశలోనూ వినాలని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు అంది. వినడానికి కోర్టు సిద్ధమే, బెయిల్ పిటిషన్ పడిందని ఇంట్లోవాళ్లకి తెలిస్తే కదా!

ఇంకోటి. 2022లో వచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో ముద్దాయిల కోసం ఫుల్‌టైమ్ లాయర్లను పెట్టారు, వాళ్లు ప్రైవేటు కేసులు పట్టకూడదు. బాధితురాలికి మాత్రం ప్యానెల్ లాయరే. అతనికి సొంత ప్రాక్టీసు ఉంటుంది, లీగల్ ఎయిడ్‌లో కేసుకింత అని ఇస్తారు. ఒకే రోజు రెండు వాయిదాలుంటే దేనికి ముందు పరిగెడతాడో చెప్పక్కర్లేదు. నేనూ ప్యానెల్లో ఉన్నవాణ్ణే.

ఆటోనగర్_కుర్రోడు:
ఏంటన్నా ఇది, రేప్ చేసినోడికి మన డబ్బుతో జీతమిచ్చి లాయరా?

అరండల్‌పేట_అడ్వొకేట్:
తేలేదాకా ముద్దాయే తమ్ముడూ. లాయర్ లేకుండా శిక్ష వేస్తే పైకోర్టు మళ్లీ విచారించమని వెనక్కి పంపొచ్చు. అప్పుడు మళ్లీ బోనెక్కాల్సింది ఆ అమ్మాయే.

అడ్మిన్:
ఒక కామెంట్ తీసేశాం. కాలేజీ, వీధి, కులం కలిపి రాస్తే అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. అది న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఇంకోసారి రాస్తే బ్లాక్ చేస్తాం.

పేరు_వద్దు:
మా చెల్లి కేసు నడుస్తోంది. లీగల్ ఎయిడ్‌లో ఒక మేడమ్‌ని ఇచ్చారు. అన్ని వాయిదాలకీ ఆవిడే వచ్చారని చెప్పను, కొన్నిసార్లు జూనియర్ వచ్చాడు, అతనికి చెల్లి పేరు కూడా తెలీదు. కానీ సాక్ష్యానికి ముందు ఒక సాయంత్రం మేడమ్ దాన్ని ఖాళీ కోర్టు హాల్లోకి తీసుకెళ్లి, నువ్వు ఇక్కడ నిలబడతావు, జడ్జిగారు అక్కడ, అతను అదిగో ఆ మూల అని చూపించారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని చెప్పొచ్చన్నారు. మధ్యలో తెర కట్టించమని అర్జీ పెట్టారు. నష్టపరిహారం అర్జీ కూడా ఆవిడే రాశారు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అడిగారు. 2018 నాటి పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షల దాకా ఉందని, తీర్పు రాకముందే కొంత మధ్యంతరంగా అడగొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు.

పీపీ గారు మంచివారే. ఆయన్ని మేం మొదటిసారి చూసింది మాత్రం సాక్ష్యం రోజున, కారిడార్లో. అదే కారిడార్లో, అదే బెంచీ మీద, ముద్దాయి వాళ్లమ్మ కూర్చుని "అన్నం తిన్నావా అమ్మా" అని మా చెల్లిని అడిగింది. చెల్లికి చేతులు వణికాయి. మేడమ్ వచ్చి మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు.

పాత_బెంచ్‌క్లర్క్:
బెంచీ సంగతి నిజమమ్మా, నా సర్వీసులోనూ అదే తీరు. అయితే వేరే గదిలో కూర్చోబెట్టడానికి లాయరే ఎందుకు? పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లలకి తోడుగా సపోర్ట్ పర్సన్ ఉన్నట్టు, బాధిత మహిళలకి సాయపడే సఖి కేంద్రం నుంచి ఒక మనిషిని పెద్దవాళ్లకీ పంపొచ్చు. లాయర్ స్టేషన్ దగ్గరా బెయిల్ దగ్గరా ఉంటే చాలు. సాక్ష్యం మాత్రం పీపీకి వదిలేయండి.

పటమట_టీచర్:
కేసు కొట్టేస్తే అప్పీలుకి వెళ్లే హక్కు బాధితురాలికి ఉంది కదా సార్. సాక్ష్యం రోజున లేని లాయర్ ఆ అప్పీలు ఏం చూసి రాస్తాడు?

పాత_బెంచ్‌క్లర్క్:
రికార్డు చూసి. అందరూ అలాగే రాస్తారు.

కృష్ణలంక_రమ:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాకు తెలిసినవాళ్ల అమ్మాయి విషయంలో పెద్దమనుషులు రాజీకి కూర్చున్నారు. లోక్ అదాలత్‌లో పెట్టేస్తే అయిపోతుందట. కుదురుతుందా?

అరండల్‌పేట_అడ్వొకేట్:
అత్యాచారమైతే కుదరదు రమ గారూ. అది రాజీకి వీల్లేని నేరం, లోక్ అదాలత్‌కి ఆ అధికారమే లేదు. వాళ్లచేత లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయించండి, లేదంటే కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల ఆఫీసులో తెల్లకాగితం మీద అర్జీ ఇప్పించండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. అమ్మాయికి 18 నిండలేదా? అయితే విషయం తెలిసీ పోలీసులకి చెప్పకపోవడమే పోక్సో కింద నేరం. ముందు ఆ పెద్దమనుషుల చెవిన ఇది వేయండి.