పచ్చిగా తినే ఆకుకూరలకి యూవీ పెట్టె పనికొస్తుందా?

ప్రశ్న:
కరోనా రోజుల్లో ఫోన్లు, తాళాల మీది క్రిముల్ని చంపడానికి కొన్న యూవీ (అతినీలలోహిత కిరణాల) పెట్టె ఇంట్లో ఉంది. మా అమ్మాయి ఈమధ్య పాలకూర, లెట్యూస్ పచ్చిగానే తింటోంది. పెరుగుపచ్చడిలో కొత్తిమీర, పుదీనా ఎలాగూ పచ్చివే. పోయిన నెల పిల్లకి విరేచనాలు పట్టుకుంటే మూడు రోజులు చాలా టెన్షన్ పడ్డాం. ఆకుకూరల కట్టని కవరుతో సహా ఆ పెట్టెలో పది నిమిషాలు పెడితే చాలాండీ? ఎక్కువ రోజులు తాజాగా ఉంటాయని కూడా ఎవరో అన్నారు.

జవాబు:
కవరుతో మాత్రం పెట్టకండి. సూక్ష్మక్రిముల డీఎన్ఏని దెబ్బతీసేది యూవీ-సీ కిరణం. ఆ దీపాల్లో ఎక్కువగా వాడేది 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది. మామూలు గాజు, చాలా రకాల ప్లాస్టిక్ దాన్ని లోపలికి పోనివ్వవు. ముందు మీ దీపం మీద ఎంత రాసి ఉందో చూడండి. 395, 405 అని ఉంటే అది ఊదా రంగు వెలుగే తప్ప ఈ పనికి రాదు.

మళ్లీ అడిగారు:
254 అనే ఉందండీ. కవరు తీసి ఆకులు పరిచి పెడితే?

జవాబు:
అప్పుడు కొంత ఫలితం ఉంటుంది, కానీ దాన్నే నమ్ముకోవద్దు. ఈ కిరణం తగిలినచోటే పనిచేస్తుంది. ఆకు కింద ఆకు ఉన్నా, ముడత ఉన్నా, మట్టి అంటుకుని ఉన్నా ఆ నీడలో క్రిమి క్షేమంగా ఉంటుంది. ఆకు రంధ్రాల్లోకి దూరిన బాక్టీరియాని అయితే కడిగినా పూర్తిగా వదిలించలేం. 2006లో అమెరికాలో ప్యాకెట్ పాలకూర వల్ల ఈ-కోలై అనే బాక్టీరియా సోకి సుమారు 200 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. అందుకే నాకు ఈ విషయంలో పట్టుదల. 2008లో అక్కడ ఐస్‌బర్గ్ లెట్యూస్‌కి, పాలకూరకి క్రిముల్ని చంపడానికి 4 కిలోగ్రేల (రేడియేషన్ మోతాదుకి కొలత) వరకు రేడియేషన్ అనుమతించారు. అది ఆకులోంచి దూసుకుపోయే వేరే రకం కిరణం. రెండూ ఒకటే అనుకుని పెట్టెలు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ పెట్టెలో యూవీ మోతాదు ఎక్కువైతే ఆకు గోధుమరంగుకి తిరిగి వడలిపోతుంది కూడా. పెట్టె తలుపు తీసి ఉండగా దీపం వెలిగించకండి, కళ్లకీ చర్మానికీ హాని.

మరొకరి జవాబు:
మా ఇంట్లో చేసేది చెబుతాను. కట్ట విప్పి, కుళ్లిన ఆకులూ వేళ్లూ తీసేసి, కడక్కుండానే పొడి నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం. తడి ఉంటే త్వరగా కుళ్లుతుంది, గాలికి వదిలేస్తే వాడిపోతుంది. తినేముందు ఒక్కో ఆకూ విడదీసి కుళాయి నీళ్ల కింద రెండు వైపులా కడుగుతాం. సబ్బు వాడం. చికెన్ కోసిన పలక మీద వీటిని అస్సలు తరగం.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇదే చేయండమ్మా. పాపకి కడుపు పూర్తిగా కుదుటపడేదాకా పాలకూరని పప్పులో ఉడికించి పెట్టండి, బాగా ఉడికితే ఈ-కోలై చస్తుంది. కొత్తిమీర కూడా పొయ్యి మీద ఉడుకుతుండగానే వేసేయండి.