అరమండికి ఏ ట్రాకర్లు? బేస్ స్టేషన్లా, స్లైమ్‌వీఆరా?

గజ్జెలక్క: మాది విజయవాడ. ఖాళీ గది 10 అడుగులకు 11. అన్నయ్య తెచ్చిచ్చిన క్వెస్ట్ 3 ఉంది, కళ్లకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్; పీసీ ఉంది. వీఆర్‌చాట్‌లో, అంటే నలుగురూ బొమ్మల రూపంలో కలిసే వీఆర్ లోకంలో, నా అవతార్ (అక్కడి నా బొమ్మ) అరమండిలో, మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చున్నట్టు, నిలబడాలి. కూచిపూడి నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు తల, చేతులు నావే గానీ కాళ్లు మాత్రం హెడ్‌సెట్ ఊహ. మోకాళ్లు పక్కలకు తెరుచుకోవు, ముందుకు పొడుచుకొస్తాయి. బస్సులో సీటంచు దొరికినావిడలా ఉన్నాను. ఏం కొనమంటారు?

స్టేషన్‌మాస్టర్: గదిలో రెండు బేస్ స్టేషన్లు, ఒంటికి కట్టుకునే మూడు వైవ్ ట్రాకర్లు. ఇంకో మాట లేదు. స్టేషన్ లేజర్‌ను గదంతా ఊడ్చినట్టు తిప్పుతుంది, పాదం ఎక్కడుందో ట్రాకర్‌కు కచ్చితంగా తెలుస్తుంది. ఒక్కో ట్రాకర్‌కు పీసీకి గుచ్చే ఒక డాంగిల్. క్వెస్ట్‌తో పొంతన కుదరాలంటే స్పేస్ క్యాలిబ్రేటర్ అనే ప్రోగ్రాం వాడాలి. బీరువాకు అద్దం ఉంటే దుప్పటి కప్పండి. లేజర్ అందులో పడి తిరిగొస్తే మీ కాలు గోడలోకి పోతుంది.

సోల్డరింగ్ సుబ్బు: మాస్టారూ, నడుముకొకటి, పాదాలకు రెండు కడితే మోకాలు ఎటు తిరిగిందో ఎవరు చెబుతారు? అక్క అడిగిందే మోకాలు! స్లైమ్‌వీఆర్‌లో స్టేషన్లుండవు, తొడకొకటి, పిక్కకొకటి సెన్సరు కడతాం, ఎముక ఎటు తిరిగిందో సెన్సరే చెబుతుంది. ఈఎస్‌పీ8266 బోర్డు, బీఎన్‌ఓ085 సెన్సరు, చిన్న బ్యాటరీ. నాది నేనే అతికించుకున్నా.

స్టేషన్‌మాస్టర్: దిశ మెల్లగా జారిపోతుందని, ఆడుతూ ఆడుతూ ఆగి రీసెట్ కొట్టాలని చెప్పవేం? పాదం గదిలో ఎక్కడుందో దానికి తెలియనే తెలియదు. నువ్విచ్చిన ఎముకల పొడవుల్ని బట్టి లెక్కేసుకుంటుంది. అంగుళం తప్పిచ్చావా, పాదం నేలమీద సబ్బుమీదున్నట్టు జారుతుంది.

సోల్డరింగ్ సుబ్బు: నాది నలభై నిమిషాలు దిశ జారకుండా ఆగుతుంది. వీడియో పెడతా.

స్టేషన్‌మాస్టర్: సోఫాలో కూర్చుని తీసింది కాదు. గంతులేసింది పెట్టు.

బెజవాడ బుల్లోడు: కరెంటు పోతే ఇద్దరి కాళ్లూ ఒకటే 😀

స్టేషన్‌మాస్టర్: నాకేం పగ లేదు. నేనూ మొదట సెన్సర్లే తెప్పించా. దుకాణంవాడు ఆరు పంపితే రెండు పలకలేదు. మూడు నెలలు మెయిళ్లు రాశా, పైసా వెనక్కి రాలేదు.

సోల్డరింగ్ సుబ్బు: అదీ సంగతి! వాడు ముంచితే సెన్సరుదా తప్పు?

అద్దంపిచ్చి: ఇవన్నీ తర్వాత. ముందు అవతార్ కంటి ఎత్తు, చేతుల పొడవు సరిచూసుకోండి. 2010లో వీఆర్ పరిశోధకుడు మెల్ స్లేటర్ బృందం మగవాళ్లను వీఆర్‌లో ఒక అమ్మాయి ఒంట్లో పెట్టి చూసింది. ఆ ఒళ్లు తమదే అనిపించడానికి అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఆమె కళ్లలోంచి చూడటం. ఎదురుగా అద్దం పెట్టుకుని కాసేపు నిలబడండి.

స్టేషన్‌మాస్టర్: అద్దం కప్పమని ఇప్పుడేగా చెప్పాను!

అద్దంపిచ్చి: గదిలో అద్దం కాదు మహానుభావా, వీఆర్ లోపలి అద్దం.

గజ్జెలక్క: రెండు రోజులుగా చదువుతున్నాను. నా కుడి మోకాలు ముప్పై డిగ్రీలు దాటి వంగదు. స్కూటర్ మీంచి పడ్డాక రెండు ఆపరేషన్లు. జాలి మాటలు వద్దనే మొదట రాయలేదు. మీ ఇద్దరిలో ఎవరి సామాను ఎంత గొప్పదైతే ఆ వంగని కాలు అంత స్పష్టంగా కనిపిస్తుంది. అది చూడ్డానికి నాకు వీఆర్ ఎందుకు? బీరువా అద్దం చాలదూ?

సోల్డరింగ్ సుబ్బు: అక్కా, ముందే చెప్పాల్సింది. సెన్సరు కోణాన్ని మధ్యలో పట్టుకుని, ముప్పైని డెబ్బై చేసి పంపే చిన్న ప్రోగ్రాం రాయొచ్చు. చిక్కల్లా తలతోనే. అవతార్ నడుము కిందికి దిగుతుంది, మీ తల పైనే ఉంటుంది. చూపును కూడా దించితే కళ్లు తిరుగుతాయి.

స్టేషన్‌మాస్టర్: అప్పుడు ఆడింది ఎవరు? ఆవిడా, నీ గుణకారమా? ట్రాకింగ్ అంటే ఒంట్లో ఉన్నది ఉన్నట్టు చూపడం. మా అమ్మాయి అరమండి కోసం మూడేళ్లు ఏడ్చింది. రాత్రి వేడినీళ్ల కాపడం పెట్టింది నేనే. లెక్కమార్చి తెచ్చుకునేదైతే ఆ ఏడుపెందుకు?

అద్దంపిచ్చి: 2016లో స్లేటర్ బృందమే ఇంకోటి చేసింది. కుర్చీలో కూర్చున్నవాళ్లకు తమ కళ్లలోంచి చూస్తే కింద నడుస్తున్న కాళ్లు కనబడేలా చేశారు. ఆ నడక తమదే అనిపించింది వాళ్లకు.

స్టేషన్‌మాస్టర్: నడక అందరికీ వచ్చు. అరమండి అందరికీ రాదు.

గజ్జెలక్క: నాకు వచ్చు మాస్టారూ. పద్నాలుగేళ్లు ఆడాను, ఇత్తడి పళ్లెం అంచుమీద తరంగం చేశాను. మీ అమ్మాయి ఏడ్చినట్టే ఏడ్చాను, కాపడం పెట్టింది మా అమ్మ. రానిదాన్ని వచ్చినట్టు చూపమని అడగడం లేదు.

బెజవాడ బుల్లోడు: 🙏

గజ్జెలక్క: సుబ్బూ, ఒకటి చూశాను. స్టూలు అంచున కూర్చుంటే తల అరమండి ఎత్తుకు వస్తోంది. ఎడమ మోకాలు పూర్తిగా తెరుచుకుంటోంది, కుడికాలు ముందుకు చాపుకుంటాను. ఎడమదాని కోణాన్నే తిరగేసి కుడికి ఇవ్వొచ్చా?

సోల్డరింగ్ సుబ్బు: ఎందుకివ్వకూడదక్కా? ఆదివారానికి రాసిస్తా. అడుగులు మాత్రం ఎడమది వేస్తే రెండూ పడతాయి, దానికి వేరే ఉపాయం చూడాలి.

స్టేషన్‌మాస్టర్: నా మాట నాదే, అది నాట్యమని నేననను. ఇంతకీ స్టూలు ఇనుపదా, చెక్కదా? ఇనుమైతే నీ సెన్సర్లకు దిక్కు తప్పుతుంది సుబ్బూ.

సోల్డరింగ్ సుబ్బు: దిక్కు చూసే మాగ్నెటోమీటర్ ఆపేసే వాడతాను మాస్టారూ.

గజ్జెలక్క: చెక్కదే.