హాస్టల్లో సగం మందికే నెట్ వస్తోంది, గేట్‌వేకి పింగ్ మాత్రం అందరికీ వెళ్తోంది

ఎస్ఆర్‌నగర్_కుర్రాడు

అన్నలూ, అమీర్‌పేట్‌లో మా చిన్నాన్న వాళ్ల హాస్టల్ ఉంది, అక్కడి నెట్ పనులన్నీ నా నెత్తినే పడ్డాయి. కింద ఆఫీసు గదిలో ఫైబర్ రూటర్, దాని పక్కనే 24 పోర్టుల మామూలు స్విచ్, అక్కడి నుంచి గదులకు కేబుళ్లు. కొన్నాళ్లుగా ఒకడికి నెట్ వస్తుంది, పక్క మంచం వాడికి రాదు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి అదీ లేదు. ప్రొవైడర్ వాళ్లకు ఫోన్ చేస్తే "మా వైపు లైన్ బాగుంది సార్" అని పెట్టేశారు. నెట్ రాని ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గేట్‌వేకి (బయటి నెట్‌కి దారిచ్చే రూటర్) పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని చిన్న సందేశం పంపితే, వెంటనే జవాబు వస్తోంది, అంటే లోపలి నెట్‌వర్క్ బాగున్నట్టే కదా? బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి కొడితే మాత్రం "డెస్టినేషన్ నెట్ అన్‌రీచబుల్" అంటోంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలున్న పిల్లలు రోజూ నా గది తలుపు కొడుతున్నారు, ఫుల్ టెన్షన్.

రీసెట్_రాజా

సింపుల్ బ్రో. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్, తర్వాత నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్, చివర్లో ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి రీస్టార్ట్ చెయ్. ఎవరడిగినా నేను ఇదే చెప్తా, చాలావరకు సెట్ అయిపోతుంది.

ర్యాక్‌రూమ్_నైట్‌షిఫ్ట్

రాజా, ఆగు. ఒక్క ల్యాప్‌టాప్ అయితే నీ మందు వేసి చూడొచ్చు, ఇక్కడ హాస్టల్లో సగం మందికి పోయింది, అన్ని విండోస్‌లూ ఒకేసారి చెడిపోవు కదా. పైగా ఇంట్ ఐపీ రీసెట్ కొడితే చేత్తో పెట్టుకున్న ఐపీ సెట్టింగులన్నీ పోతాయి, ఎవరి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనో కొట్టావనుకో, రేపు వాళ్ల ఐటీ టీమ్‌కి జవాబు చెప్పుకోవాలి. సైట్ పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ సంగతి అసలు రాదు, ఆయన పేరుకి కాదు, నేరుగా అంకెకే పింగ్ కొట్టారు.

తమ్ముడూ, ఆ అన్‌రీచబుల్ లైన్ మొదట్లో "రిప్లై ఫ్రమ్" అని ఒక అడ్రస్ ఉంటుంది. దారి లేదని చెప్తున్నది ఎవరో అదే. అది చూడు. తర్వాత నెట్ వస్తున్న ల్యాప్‌టాప్ ఒకటి, రానిది ఒకటి పక్కపక్కన పెట్టి రెండింట్లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి, ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ (ల్యాప్‌టాప్‌లకు అడ్రస్‌లు పంచేది) లైన్లు ఇక్కడ పెట్టు. అప్పటిదాకా ఏ సెట్టింగూ కదిలించకు.

ఎస్ఆర్‌నగర్_కుర్రాడు

వస్తున్నది: అడ్రస్ 192.168.1.37, గేట్‌వే 192.168.1.1, డీహెచ్‌సీపీ సర్వర్ కూడా 192.168.1.1.
రానిది: అడ్రస్ 192.168.0.104, గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ రెండూ 192.168.0.1. అన్‌రీచబుల్ అని చెప్తున్నది కూడా ఈ 192.168.0.1 నుంచే. కానీ అన్నా, మా ఫైబర్ రూటర్ 192.168.1.1 కదా, ఈ సున్నా ఎక్కడిది?

ర్యాక్‌రూమ్_నైట్‌షిఫ్ట్

దొరికింది. మీ హాస్టల్లో రెండో డీహెచ్‌సీపీ సర్వర్ ఉంది, మా పనిలో రోగ్ (దొంగ) డీహెచ్‌సీపీ అంటాం. ఎవరో గదిలో వైఫై కోసం పాత రూటర్ తెచ్చి, గోడ కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (లోపలి ల్యాప్‌టాప్‌లకు ఇచ్చేది) గుచ్చి ఉంటారు. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకెవరైనా అడ్రస్ ఇస్తారా" అని అందరికీ వినపడేలా అడుగుతుంది, రెండు రూటర్లూ ఆఫర్ పంపిస్తాయి, మామూలుగా ఏది ముందొస్తే దాన్నే పట్టుకుంటుంది, బస్టాపులో ముందొచ్చిన ఆటో ఎక్కేసినట్టు. అందుకే రీస్టార్ట్ చేస్తే ఒకసారి బాగుంటుంది, ఇంకోసారి ఉండదు. ఆ పాత రూటర్‌కి బయటికి దారే లేదు, కాబట్టి 8.8.8.8 అడిగితే అన్‌రీచబుల్ అంటుంది. గేట్‌వేకి పింగ్ వెళ్తోంది అన్నావే, అది వెళ్తున్నది ఆ దొంగ గేట్‌వేకి.

అడ్రస్ 169.254తో మొదలైతే కథ వేరు, అప్పుడు ఏ సర్వరూ జవాబివ్వక విండోస్ తనకు తానే పెట్టుకున్న నంబర్ అది. నీకు అలా లేదు.

ఇక పట్టుకోవడం. స్విచ్‌కి నేరుగా కేబుల్‌తో ఒక ల్యాప్‌టాప్ తగిలించి, వైఫై ఆపేసి, దానికి చేత్తో అడ్రస్ పెట్టు: నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీ సెట్ అడ్రస్, తర్వాత కోట్స్‌లో ఈథర్‌నెట్, తర్వాత స్టాటిక్ 192.168.0.250 255.255.255.0. ఇప్పుడు పింగ్ -టీ 192.168.0.1 కొట్టి వదిలెయ్, ఆపేదాకా అది కొడుతూనే ఉంటుంది. స్విచ్‌లో గది కేబుళ్లు ఒక్కొక్కటి పీకి, కాసేపు చూసి, మళ్లీ పెట్టు. ఏది పీకితే పింగ్ ఆగిందో ఆ గదే. పని అయ్యాక అదే కమాండ్‌లో స్టాటిక్ నుంచి చివరిదాకా తీసేసి డీహెచ్‌సీపీ అని పెట్టి కొట్టు, లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ రాదు. యూఎస్ షిఫ్ట్ వాళ్లు ఉంటే రాత్రి మాత్రం ఈ పని పెట్టుకోకు, తంతారు.

లినక్స్_లస్కర్

పీకే ముందు ఇంకోటి. ఆ పింగ్ నడుస్తుండగానే ఏఆర్‌పీ -ఏ కొడితే 192.168.0.1 పక్కన దాని మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే పరికరానికి ఇచ్చే నంబర్, కనిపిస్తుంది. మొదటి ఆరు అక్షరాలను బట్టి తయారు చేసిన కంపెనీ ఏదో మామూలుగా తెలిసిపోతుంది, ఏ గదిలో ఏ కంపెనీ డబ్బా చూశావో గుర్తుకొస్తే కేబుళ్లు పీకే పని తప్పుతుంది. లినక్స్ ఉంటే సుడో టీసీపీడంప్ -ఎన్ పోర్ట్ 67 ఆర్ పోర్ట్ 68 పెట్టి కూర్చో, వచ్చే పోయే ప్యాకెట్లు చూపిస్తుంది, వేరే ల్యాప్‌టాప్‌లో పాత అడ్రస్ వదిలి కొత్తది అడగడానికి ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, వెంటనే ఐపీకాన్ఫిగ్ /రెన్యూ కొట్టించు. అడ్రస్ అడిగేది 68 నుంచి, ఇచ్చేది 67 నుంచి. అయితే స్విచ్ అన్ని ప్యాకెట్లూ నీకు చూపించదు, ఆఫర్లు నేరుగా అడిగినవాడికే పోవచ్చు, అందుకని అడిగే ల్యాప్‌టాప్‌లోనే చూస్తే నయం.

ఎస్ఆర్‌నగర్_కుర్రాడు

రెండో అంతస్తు చివరి గది! కేబుల్ పీకగానే "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" మొదలైంది. పైకెళ్లి చూస్తే మీరు చెప్పినట్టే మంచం కింద పాత రూటర్, కేబుల్ ల్యాన్‌లో ఉంది. ఆ పిల్లాడు నెట్‌వర్కింగ్ కోర్సే చేస్తున్నాడు మరి. వాడి గదిలో మా వైఫై నిజంగానే అందదు, రూటర్ తీసేయమంటే బతిమాలుతున్నాడు.

ర్యాక్‌రూమ్_నైట్‌షిఫ్ట్

తీసేయనక్కర్లేదు. ముందు ఆ రూటర్ పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ సర్వర్ ఆపెయ్, దాని ల్యాన్ అడ్రస్‌ని 192.168.1.2 చెయ్, మీ రూటర్ ఆ నంబర్ ఎవరికీ ఇవ్వకుండా చూసుకో, తర్వాత కేబుల్ ల్యాన్‌లోనే ఉంచు. అప్పుడది ఉత్త యాక్సెస్ పాయింట్, వైఫై మాత్రమే ఇస్తుంది. వ్యాన్‌లోకి మార్చినా నడుస్తుంది, కానీ రెండుసార్లు నాట్ (రూటర్ అడ్రస్‌లు మార్చి పంపడం) పడుతుంది, గేమ్స్ ఆడేవాళ్లు గోల చేస్తారు. ఆ దొంగ అడ్రస్ పట్టుకున్న ల్యాప్‌టాప్‌లన్నింట్లో రిలీజ్, రెన్యూ కొట్టించు.

రీసెట్_రాజా

రేపు ఇంకో గదివాడు ఇంకో డబ్బా తెస్తే?

లినక్స్_లస్కర్

అప్పుడు డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగులు పెట్టుకోగలిగే స్విచ్, కావాలి. ఫైబర్ రూటర్ ఉన్న పోర్టును ట్రస్టెడ్ అని పెడితే, మిగతా పోర్టుల నుంచి వచ్చే ఆఫర్లను స్విచ్చే పారేస్తుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో సెకండ్ హ్యాండ్‌వి అడిగి చూడండి, కొనే ముందు ఆ ఫీచర్ ఉందో లేదో మోడల్ నంబర్‌తో సరిచూసుకోండి, మేనేజ్డ్ అని అమ్మేవాటన్నింట్లో ఉండదు.