విజయవాడ వేడిలో పియోనీ దుంపకు చలి ఎలా అందించాలి?

మేము విజయవాడ పటమటలో ఉంటున్నాము. మా అక్కయ్యగారు హిమాచల్ ప్రదేశ్‌లోని కులు నుంచి తెచ్చి ఇచ్చిన పియోనీ (చలి ప్రాంతాలలో పెద్ద పూలు పూసే మొక్క) దుంపను, దాని కళ్ళు (మొలకలు వచ్చే మొగ్గలు) రెండంగుళాల లోతు దాటకుండా, నీరు నిలవని కుండీలో కార్తీక మాసంలో నాటాను. మూడు ఆకులు వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. కొన్ని వారాలపాటు 5 డిగ్రీల దరిదాపు చలి తగిలితేనే ఈ మొక్క మొగ్గ తొడుగుతుందని చదివాను. మన దగ్గర పుష్యమాసంలో సైతం రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఆకులు ఎండిన తరువాత దుంపను తీసి, కాస్త తడిపిన కొబ్బరిపీచులో చుట్టి, ఆరేడు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే (పచ్చళ్ళ సీసాలకే అందులో చోటు చాలదు, అది వేరే సంగతి) ఆ లోటు తీరుతుందా? రోహిణి కార్తె ఎండలకు అది కుళ్ళకుండా ఎలా కాపాడాలి? కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో ఒక్క పువ్వైనా పూయించినవారు ఏ రకం నాటారో, ఎన్నేళ్ళు ఆగారో దయచేసి తెలియజేయగలరు.