నెలకు 5,000 రూపాయలు: ఆన్‌లైన్ ప్రకటనలకు పెట్టాలా, జవాబు చెప్పే మనిషికి పెట్టాలా?

గానుగ నూనె, అనంతపురం:

మిత్రులకు నమస్కారం. అనంతపురం పాత ఊరిలో మాకు కట్టె గానుగ ఉన్నది. వేరుశనగ, నువ్వుల, కుసుమ నూనెలు ఆడించి అక్కడే అమ్ముతాము. చుట్టుపక్కల నాలుగు వీధుల వారికి మేము బాగా తెలుసు గానీ, సాయినగర్, కమలానగర్ వైపు వారికి ఇక్కడ గానుగ ఉన్న సంగతే తెలియదు. ఖర్చులన్నీ పోగా ప్రచారానికి నెలకు 5,000 రూపాయలు తీయగలను, అంతకు మించి శక్తి లేదు.

ఆ సొమ్మును ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ప్రకటనలకు పెట్టాలని, వీలైతే బెంగళూరులో ఉన్న మన వారికి కూడా ఆ ప్రకటన కనిపించేలా చేయాలని నా తమ్ముడు అంటున్నాడు. నా భార్య మాత్రం సాయంత్రం రెండు మూడు గంటలు అంగట్లో కూర్చుని ఫోన్లకు, వాట్సాప్ సందేశాలకు జవాబులు చెప్పే అమ్మాయిని ఒకరిని పెట్టుకుందామని పట్టుబట్టింది. పోయిన నెల తమ్ముడి మాట మీద మూడు రోజులు ప్రకటన నడిపాము. 38 సందేశాలు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం “లీటరు ఎంత?” అన్న ఒక్క ప్రశ్నే. నేను పగలంతా గానుగ దగ్గర ఉండి రాత్రి తొమ్మిదిన్నరకు అందరికీ ధర పంపితే, తిరిగి మాట్లాడినవారు ఇద్దరే. ప్రకటన పనిచేసిందని తమ్ముడు, సొమ్ము వృథా అయిందని నా భార్య అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ధర్మవరం పట్టు:

మీ తమ్ముడి మాటే నాకు సరైనదిగా తోస్తున్నది. గూగుల్‌లో అంగడి పేరు పెట్టుకోవడం, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు, అంటే సరుకుల ఫొటోలు, ధరల జాబితా పెట్టుకోవడం మంచి పనులే, పైసా ఖర్చు లేనివే. అయితే అవి వెతుక్కుంటూ వచ్చేవారికి దారి చూపుతాయి తప్ప, వెతకాలన్న ఆలోచనే లేనివారిని అంగడి దాకా తీసుకురాలేవు. ఊళ్లో కట్టె గానుగ ఉన్నదని తెలియని మనిషి దాని కోసం ఎందుకు వెతుకుతాడు?

మేము నేసే చీరను పక్కింటివారు కొనరు, వాళ్ల ఇంట్లోనూ మగ్గమే ఉంటుంది. కొనేవారు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. రెండేళ్ల క్రితం దాకా షావుకారు చెప్పిన ధరకే చీర ఇచ్చి వచ్చేవాళ్లం. ఆ సంవత్సరం శ్రావణ మాసానికి మూడు వారాల ముందు, మా నాన్న కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతుకుతున్న నలభై సెకన్ల వీడియోను ప్రకటనగా నడిపాను. అందులో పాట లేదు, మాట లేదు, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి చేతులు మాత్రమే కనిపిస్తాయి. వరలక్ష్మీ వ్రతం నాటికి పదకొండు చీరలు మా ఇంటి నుంచి నేరుగా కొన్నవారి ఇంటికి వెళ్లాయి. ప్రకటన లేకపోతే ఆ వీడియోను మా బంధువులే చూసి ఉండేవారు.

వై.వి. స్ట్రీట్, కడప:

ధర్మవరం అన్నగారి అనుభవాన్ని నేను కాదనను. కానీ పది వేల రూపాయల చీరకూ లీటరు నూనెకూ ఒకే లెక్క కుదరదు. చీర మీద మిగిలే సొమ్ము ప్రకటన ఖర్చును మోయగలదు. లీటరు మీద ముప్పయ్యో నలభయ్యో మిగిలేచోట, ఒక్క కొత్త మనిషిని తెచ్చుకోవడానికి వంద రూపాయలు ప్రకటనకు పోతే మొదటి సీసా నష్టానికి అమ్మినట్లే.

నాకు రెడీమేడ్ బట్టల అంగడి ఉన్నది. మూడేళ్ల క్రితం, ప్రచారమంతా తామే చూసుకుంటామన్న ఒక సంస్థకు నెలకు 8,000 చొప్పున ఐదు నెలలు కట్టాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మా ఫాలోవర్లు 300 నుంచి 12,000 దాటారు. ఆ సంఖ్య చూసి నిజంగా సంతోషించాను. ఒక ఆదివారం కూర్చుని ఆ పేర్లను వరుసగా చూస్తే, కడప వాళ్లు కాదు కదా, తెలుగువాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నారు. వాళ్లలో ఎవరు మా అంగడి మెట్లు ఎక్కుతారు? ఆ నలభై వేలు పిల్లల బడి ఫీజుకు దాచినవి. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. చిన్న అంగడివారు ముందు ఉచితంగా దొరికేవన్నీ పూర్తిగా వాడుకోవాలి, ఆ తరువాతే జేబులోకి చేయి పెట్టాలి.

ధర్మవరం పట్టు:

మీకు జరిగింది అన్యాయమే. అయితే ఆ సంస్థ మీకు అమ్మినది ఫాలోవర్ల సంఖ్యను. నేను చెబుతున్నది ఊరి పేరు, ఎన్ని కిలోమీటర్ల దూరం వరకు కనిపించాలో మనమే నిర్ణయించి, నొక్కగానే నేరుగా మన వాట్సాప్ తెరుచుకునే ప్రకటన గురించి. ఆ రెండింటినీ ఒకే గాట కట్టకండి. నూనె లెక్క కూడా మీరు చెప్పినంత సులువు కాదు. చీర కొన్న ఇల్లు మళ్లీ ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. నూనె నచ్చిన ఇల్లు నెలనెలా వస్తుంది. మొదటి సీసా మీద పోయినది నాలుగో సీసాకు తిరిగి వస్తుంది.

పొడులు, పచ్చళ్లు, కర్నూలు:

అన్నలిద్దరూ ప్రకటన మంచిదా చెడ్డదా అన్న దగ్గరే ఆగిపోయారు. అనంతపురం అన్నగారి భార్య చెప్పిన మాటను ఎవరూ తీసుకోలేదు. నాకు అసలు విషయం ఆమె చెప్పిన దానిలోనే కనిపిస్తున్నది. 38 మంది అడిగారు, ఇద్దరు మాత్రమే మిగిలారు. ఈ లెక్కలో ప్రకటన తన పని తాను చేసింది. మధ్యాహ్నం మూడు గంటలకు వంటింట్లో నూనె డబ్బా ఖాళీ అయి అడిగిన మనిషి, రాత్రి తొమ్మిదిన్నర దాకా మీ కోసం ఎదురుచూడదు, వీధి చివర కిరాణా అంగట్లో ప్యాకెట్టు తెచ్చుకుంటుంది.

వెంకటరమణ కాలనీలో మా ఇంటి నుంచే నేనూ మా అత్తగారూ కారప్పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాము. మొదటి ఏడాది నేను కూడా “ఎంత?” అని అడిగితే అంకె మాత్రమే పంపేదాన్ని. అవతలివారు ఆ అంకెను తమ వీధి అంగడి ధరతో పోల్చుకుని మౌనంగా వెళ్లిపోయేవారు. ఇప్పుడు వాట్సాప్ బిజినెస్‌లో ‘క్విక్ రిప్లై’ పెట్టుకున్నాను. ఒక చిన్న గుర్తు కొడితే ముందే రాసిపెట్టుకున్న జవాబు మొత్తం వస్తుంది, అలాంటివి 50 దాకా పెట్టుకోవచ్చు.

మీ నూనెకైతే ఆ జవాబులో ఏముండాలో నేను అనుకున్నది చెబుతాను. మొదట ధర, ఆ వెంటనే కొలత. చాలా మందికి లీటరుకూ కిలోకూ తేడా తెలియదు. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి, కిలో ధర చెప్పే అంగడినీ లీటరు ధర చెప్పే అంగడినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఎవరో ఒకరిని మోసగాడు అనుకుంటారు. తరువాత, లీటరు నూనెకు మీ గానుగలో ఎన్ని కిలోల విత్తనాలు పడతాయో రాయండి. “రెండున్నర కిలోల విత్తనాలు పడుతున్నాయి” అన్న ఒక్క వాక్యం చదివితే, మార్కెట్టులో విత్తనాల ధర తెలిసిన మన ఇళ్ల ఆడవాళ్లు మిగిలిన లెక్క తామే కట్టుకుంటారు. చివరగా ఆ రోజు ఆడించిన తేదీ, ఇంటికి చేర్చే వేళ. ఇంత రాశాక, ఇష్టమున్నవారికి రోకలి తిరుగుతున్న పది సెకన్ల వీడియో పంపండి.

అమ్మాయిని పెట్టుకునే ముందు ఒక్క మాట. ఆమెను మొదటి వారం గానుగ పక్కనే కూర్చోబెట్టండి. నేను ఒక డిగ్రీ అమ్మాయికి ఫోను అప్పగించినప్పుడు, “ఇది గుంటూరు మిరపా, బళ్లారి వైపు మిరపా?” అని ఒకామె అడిగితే, “తెలుసుకుని చెబుతాను మేడం” అని రాసింది. తెలుసుకునేలోపు ఆ బేరం పోయింది. సరుకు తెలియని మనిషి ఎంత వేగంగా జవాబిచ్చినా లాభం లేదు.

లెక్కల పుస్తకం, కర్నూలు:

నేను చిన్న వ్యాపారుల ఖాతాలు రాస్తుంటాను. ఈ చర్చలో రెండు విషయాలు జారిపోతున్నాయి.

ఆన్‌లైన్ ప్రకటన మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మీరు 5,000 విలువైన ప్రకటన నడిపితే చేతి నుంచి పోయేది 5,900. పన్నుతో కలిపి 5,000కే ఆపాలంటే ప్రకటనకు మిగిలేది సుమారు 4,237 మాత్రమే. జీఎస్టీ నమోదు లేనివారికీ, కాంపోజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నవారికీ ఆ పన్ను తిరిగి జమ కాదు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. బెంగళూరు మనకు దగ్గరే కావచ్చు, అనంతపురం నుంచి నాలుగైదు గంటల ప్రయాణమే కావచ్చు, కానీ అది కర్ణాటక. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మాలంటే, మీ అమ్మకాలు ఎంత తక్కువైనా సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. కాంపోజిషన్‌లో ఉన్నవారు రాష్ట్రం వెలుపలికి అమ్మనే కూడదు. కాబట్టి మీ తమ్ముడు బెంగళూరు వారికి ప్రకటన చూపించే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. లేకపోతే ప్రకటన బాగా పనిచేసిన రోజునే మీకు చిక్కు మొదలవుతుంది. సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) సంఖ్య, ఆడించిన తేదీ, నికర పరిమాణం, గరిష్ఠ ధర ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ప్రకటనలో సీసా ఫొటో వేసిన తరువాత ఆ చీటీని ఎవరైనా పెద్దది చేసి చదవగలరు.

వై.వి. స్ట్రీట్, కడప:

పచ్చళ్ల కర్నూలు అక్క చెప్పింది నాకు నచ్చింది. నేను ఉచితం అన్నానే గానీ ఏం చేయాలో చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

గూగుల్ మ్యాప్స్‌లో మీ అంగడి పేరు ఇప్పటికే ఎవరో పెట్టి ఉండవచ్చు. దానిని మీ పేరిట ధ్రువీకరించుకోండి. ఇప్పుడు చాలా మందికి అంగడి బోర్డు, వీధి, లోపలి సామగ్రి కనిపించేలా వీడియో తీసి పంపమంటున్నారు. దీనికి రుసుము ఏదీ లేదు. “గూగుల్ నుంచి మాట్లాడుతున్నాము, ధ్రువీకరణకు ఇంత కట్టండి” అని ఫోను చేసేవారు మోసగాళ్లు. వెతికినవారికి ఏ అంగడి పైన కనిపించాలన్నది వారు అడిగినదానికి మీ వివరాలు ఎంత సరిపోతాయి, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత మందికి తెలిసిన అంగడి అన్న మూడింటిని బట్టి ఉంటుందని గూగుల్ సంస్థే చెబుతున్నది. దూరాన్ని మార్చలేము, మిగిలిన రెండూ మన చేతిలోని పనులే. పని వేళలు సరిగా పెట్టడం, వారానికి రెండు ఫొటోలు, వచ్చిన ప్రతి అభిప్రాయానికీ తెలుగులో మర్యాదగా జవాబు. చిన్న సీసా ఉచితంగా ఇచ్చి ఐదు నక్షత్రాలు వేయించుకోమని కొందరు సలహా ఇస్తారు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, పైగా మనల్ని నమ్మి వచ్చేవారికి చేసే అన్యాయం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ వేదికలేవీ మనవి కావు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అక్కడే పేరు తెచ్చుకున్నవారు రాత్రికి రాత్రి అన్నీ పోగొట్టుకున్నారు. గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆ సంస్థే మూసివేసింది, మాదీ అందులో పోయింది. కొన్నవారి పేరు, ఫోను నంబరు, ఏం కొన్నారన్నది వారి అనుమతితో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.

పొడులు, పచ్చళ్లు, కర్నూలు:

ఆ నోటుపుస్తకానికి ఒక మాట చేర్చండి. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందుకని సీసా ఇచ్చేటప్పుడే “మా నంబరు దాచుకోండి, కొత్తగా ఆడించిన రోజు తెలియజేస్తాము” అని నోటితో చెప్పాలి. నెలకు రెండు సార్లకు మించి పంపవద్దు, విసుగు పుడితే బ్లాక్ చేస్తారు.

గానుగ నూనె, అనంతపురం:

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. ఈ చర్చను ఇంట్లో ముగ్గురం కలిసి చదివాము. బెంగళూరు ఆలోచనను జీఎస్టీ సంగతి తేలే వరకు పక్కన పెట్టాము. మా వీధిలోనే ఇంటర్ చదివిన అమ్మాయి ఉన్నది, వాళ్ల నాన్న మాకు విత్తనాలు తూచి ఇచ్చే మనిషి, ఆమెకు సరుకు తెలుసు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా కూర్చోవడానికి 3,500 మాట్లాడుకున్నాము. ధర అడిగినవారికి పంపే జవాబును నా భార్య రాసింది, రెండున్నర కిలోల సంగతి అందులో ఉన్నది. మిగిలిన 1,500లో ఊరికి ఎనిమిది కిలోమీటర్ల లోపల కనిపించేలా, రోజుకు 50 చొప్పున నెలంతా ప్రకటన నడుపుదామని తమ్ముడు అంటున్నాడు. ఇది సరేనా?

ధర్మవరం పట్టు:

మనిషిని ముందు పెట్టుకోవడం మంచిదని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను, మా ఇంట్లో ఆ పని మా చెల్లెలు జీతం లేకుండా చేస్తున్నందున దాని విలువ నాకు లెక్కలోకి రాలేదు. కానీ రోజుకు 50 వద్దు. అంత తక్కువ పెడితే ప్రకటన పనిచేసిందో లేదో తెలుసుకునేంత మంది కూడా చూడరు. పన్ను తీసేస్తే మీకు మిగిలేది సుమారు 1,270. దానిని దీపావళికి ముందు, ఇళ్లలో మురుకులు, కజ్జికాయలు చేసుకునే ఐదు రోజులకు సరిపెట్టి, రోజుకు 250 చొప్పున నడపండి. ప్రకటన కనిపించే వేళను ఆ అమ్మాయి ఫోను దగ్గర ఉండే నాలుగు నుంచి ఏడు గంటలకే పరిమితం చేసే వీలు కూడా ఉన్నది. ఆ అమరిక మొత్తం బడ్జెట్టు, తేదీలు ముందే ఇచ్చినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి, పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ నొక్కకుండా ప్రకటనల వివరాలన్నీ అమర్చుకునే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి పెట్టమని మీ తమ్ముడికి చెప్పండి.