ల్యాబ్ వీఎంలో స్క్రీన్ 800×600 దాటకపోతే: గెస్ట్ అడిషన్స్ వేయాలా, ఎక్స్‌ర్యాండర్ చాలా?

చంద్రగిరి_కోట: అన్నలకు నమస్తే. తిరుపతిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ల్యాబ్‌లో విండోస్ మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వీఎంను, నడిపే సాఫ్ట్‌వేర్), అందులో ఉబుంటు 20.04 లినక్స్. స్క్రీన్ 800×600 దాటడం లేదు. ఏ విండో తెరిచినా కింది బటన్లు కనబడవు. సీనియర్ ఒకరు ఎక్స్‌ర్యాండర్ (లినక్స్‌లో స్క్రీన్ సైజు మార్చేది) కమాండ్లు రాసిచ్చారు. పనిచేశాయి, కానీ వీఎం ఆపి మళ్లీ తెరిస్తే మొదటికే వచ్చింది. అవే కమాండ్లు ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోని ఉబుంటు 22.04లో అసలు పనిచేయలేదు. గెస్ట్ అడిషన్స్ వేయమని ఒకరు, అక్కర్లేదని ఒకరు అంటున్నారు. ఏది కరెక్ట్?

పాకాల_జంక్షన్: గెస్ట్ అడిషన్సే తమ్ముడూ. మామూలు కంప్యూటర్‌కు మానిటరే తనకు ఏ సైజులు కుదురుతాయో చెబుతుంది. వీఎంకు నిజమైన మానిటర్ ఉండదు. బయట నువ్వు విండోను లాగి పెద్దది చేసిన సంగతి లోపలి లినక్స్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని చేసేది గెస్ట్ అడిషన్స్. వర్చువల్‌బాక్స్ లాంటివే అయిన వీఎంవేర్‌లో అయితే ఓపెన్ వీఎం టూల్స్ డెస్క్‌టాప్ ప్యాకేజీ, కేవీఎంలో స్పైస్ వీడీఏజెంట్. ముందు వీఎం డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కంట్రోలర్ (వీఎంకు చూపించే ఉత్తుత్తి గ్రాఫిక్స్ కార్డు) చూడు. వర్చువల్‌బాక్స్ 6.0 నుంచి లినక్స్‌కు వీఎంఎస్‌వీజీఏ డిఫాల్ట్. ఎప్పుడో చేసిన వీఎంను కాపీ కొట్టుకుంటూ వస్తే పాత వీబాక్స్‌వీజీఏనే ఉండిపోతుంది, అలా ఉంటే మార్చు. వీడియో మెమరీ 16 ఎంబీ ఉంటే 128 చెయ్యి. వ్యూ మెనూలో ఆటో రీసైజ్ టిక్ ఉందో లేదో చూడు.

తోతాపురి: చిత్తూరులో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకుంటున్నా. గెస్ట్ అడిషన్స్ అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. దాన్ని వేసే సీడీ రన్ చేస్తే అక్కడికక్కడ కంపైల్ చేయడానికి జీసీసీ అడుగుతుంది, మేక్ అడుగుతుంది, నడుస్తున్న కెర్నల్‌కు (లినక్స్ మూల భాగానికి) సరిపోయే హెడర్స్ ఫైళ్లు అడుగుతుంది. ల్యాబ్‌లో నెట్ లేదు, యాడ నుంచి తేవాలి? తెచ్చి వేసినా కెర్నల్ అప్‌డేట్ అయ్యాక దాని మాడ్యూల్ (కెర్నల్‌కు తగిలించే డ్రైవర్) లోడ్ కాదు, మళ్లీ 800×600. ఎక్స్‌ర్యాండర్‌కు ఈ బాధలేవీ లేవు. సీవీటీ కమాండ్‌తో మోడ్‌లైన్ (కావలసిన స్క్రీన్ సైజు లెక్కల వరుస) తీసుకో, న్యూమోడ్‌తో చేర్చు, యాడ్‌మోడ్‌తో అవుట్‌పుట్‌కు తగిలించు. రీస్టార్ట్ చేస్తే పోతోందంటే హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌ప్రొఫైల్ ఫైల్ పెట్టి ఆ వరుసలు అందులో రాయి. లాగిన్ అయినప్పుడల్లా అవే నడుస్తాయి.

గంగజాతర: స్క్రీన్ మీద విండోలు చూపించే డిస్‌ప్లే వ్యవస్థలు లినక్స్‌లో రెండు: పాతది ఎక్స్‌ఆర్గ్, కొత్తది వేలాండ్. 22.04లో వేలాండ్ డిఫాల్ట్. అందులో ఎక్స్‌ర్యాండర్‌తో కొత్త మోడ్ పెట్టలేం. లాగిన్ దగ్గర గేరు గుర్తు నొక్కి ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్ ఎంచుకో. ఏది నడుస్తోందో సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో ఉంటుంది.

పాకాల_జంక్షన్: తోతాపురి గారూ, ల్యాబుల్లో ఎక్కువగా ఉండేవి 1366×768 మానిటర్లు. మీ సీవీటీకి 1366 ఇచ్చి చూడండి. 1368 ఇస్తుంది. కుడివైపు అంచు తెగిపోతుంది.

తోతాపురి: సీవీటీ లెక్కలో అడ్డం పిక్సెళ్లు 8తో భాగించబడాలి. 1366 భాగించబడదు, కాబట్టి 1368. అది తప్పు కాదు, దాని పద్ధతి. తేడా రెండే పిక్సెళ్లు. 1360 పెట్టుకుంటే అంచు కూడా తెగదు.

పాకాల_జంక్షన్: మానిటర్ 1366 అయితే 1366 రావాలి. రాని పద్ధతిని పిల్లలకు ఎందుకు నేర్పాలి?

తోతాపురి: 8 గుణిజం అని ఇప్పుడే చెప్పాను.

కలంకారి_పెన్: రెండు పిక్సెళ్ల కోసమా అబ్బా ఇంత గొడవ! ఆ పిల్లోడు అడిగింది వేరే.

తోతాపురి: పిల్లోడి కోసమే చెబుతున్నా. మొన్న వైవాలో డిస్‌ప్లే సర్వర్ అంటే ఏమిటని అడిగితే, సీడీ పెట్టి నెక్స్ట్ నొక్కాను సార్ అన్నాడొకడు. లోపల ఏం జరిగిందో వాడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. రేపు ఉద్యోగంలో ఎవరొచ్చి నొక్కిపెడతారు?

పాకాల_జంక్షన్: ఆ మాటే నాకు కోపం తెప్పిస్తుంది సార్. నేను తెలుగు మీడియంలో చదివి వచ్చా. ఇంట్లో కంప్యూటర్ లేదు. ల్యాబ్‌కు వచ్చాక స్క్రీన్ సరిచేసుకోవడానికే టైమ్ అయిపోయేది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందు రాత్రే అన్నీ సరిచేసుకుని, రాగానే ప్రోగ్రామ్ మొదలుపెట్టేవాళ్లు. ఇంటర్నల్స్‌లో నాకు మార్కులు తగ్గింది ఫోర్క్, పైప్ రాక కాదు, వాటి దాకా చేరలేక. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో పరీక్ష ప్రాసెస్‌ల మీద. స్క్రీన్ కష్టాన్ని పాఠం అంటున్నారే, ఆ పాఠం ఇంట్లో మెషిన్ లేనివాడు ఒక్కడే చదవాలా?

కలంకారి_పెన్: ఇది నిజం. నా పరిస్థితీ ఇదే.

తోతాపురి: మీరు చెప్పింది కాదనను. మరి అన్నీ సరిచేసిన వీఎం తయారుచేసి ల్యాబ్‌లోని ప్రతి సిస్టమ్‌లో వేసేదెవరు? జీతం ఒక్కరికే ఇస్తారు. ప్రింటర్ ఆగినా నేనే, ప్రొజెక్టర్ వెలగకపోయినా నేనే, సెలవు రోజు ఆన్‌లైన్ పరీక్ష పెడితే వచ్చి కూర్చునేదీ నేనే. ఎక్స్‌ర్యాండర్ అయితే పిల్లలు ఎవరిది వాళ్లు చేసుకుంటారు. నేను దాన్ని పట్టుకున్నది అందుకు కూడా.

పాకాల_జంక్షన్: ఈ మాట ముందే చెప్పుంటే నేను 1366 పట్టుకుని కూర్చునేవాణ్నే కాదు. మీరు సీడీ జోలికే పోవద్దు. గెస్ట్ అడిషన్స్ మాడ్యూళ్లయిన వీబాక్స్‌వీడియో 4.13 వెర్షన్ నుంచి, వీబాక్స్‌గెస్ట్ 4.16 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉన్నాయి. ఉబుంటు రిపోజిటరీలోని వర్చువల్‌బాక్స్ గెస్ట్ ఎక్స్11 ప్యాకేజీ వేస్తే వీటి మీదే నడుస్తుంది. హెడర్స్ వద్దు, కంపైల్ వద్దు, కెర్నల్ మారినా భయం లేదు. నెట్ ఉన్న ఒక్క మెషిన్‌లో ఇది చేసి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో ఓవీఏ (వీఎం మొత్తం ఒకే ఫైల్‌గా) తీయండి. మిగతా వాటిలో ఇంపోర్ట్ చేయడమే.

చంద్రగిరి_కోట: సార్, మాదీ నెట్ లేని ల్యాబే. ఓవీఏ పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తే మా బ్యాచ్ వాళ్లం కూర్చుని అన్ని సిస్టమ్స్‌లో ఇంపోర్ట్ చేస్తాం. మా ల్యాబ్ సార్‌ను అడుగుతా.

తోతాపురి: అడుగు. మా ల్యాబ్‌లోనూ చేయిస్తా. కానీ వేలాండ్‌కు, ఎక్స్‌ఆర్గ్‌కు తేడా వైవాలో అడగడం మాత్రం మానను.

పాకాల_జంక్షన్: అడగండి. క్లాసులో ముందు చెప్పి అడగండి.

తోతాపురి: అన్నీ చెప్పి అడిగితే అది వైవా ఎట్లా అవుతుంది?

గంగజాతర: చంద్రగిరి తమ్ముడూ, కంట్రోలర్ మార్చేటప్పుడు వీఎం సేవ్ స్టేట్‌లో (షట్‌డౌన్ చేయకుండా మధ్యలో నిలిపి) ఉంటే ఆ ఆప్షన్ మారదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి మార్చు. ఓవీఏ తీసేది ఆ తర్వాతే.